మసిబొట్టు

కర్నూలు,
శ్రావణ మాసం, 1956.

కోడుమూరులో ఉండే అమ్మ ఉరుకుందమ్మ పాదాలకు కూతురు సోమక్క మొక్కి రాసే జాబు. ఈడ నేను, నీ అల్లుడు, మా అత్త తింటాండాము, తిరుగుతాండాము. నువ్వూ నాయనా బాగుండారని తలుస్తా. అమ్మా, ఈ జాబు ఈరప్ప మామతో చదివించుకోవద్దు. ఆయప్ప అరుగుమీద కూచొని ఊరందరికీ ఇనబడేట్టు చదువుతాడు. పక్కింటి నాగక్కతో చదివించుకో, తలుపేసుకొని.

నువ్వు అడిగినవాటికి చెప్తా. నీ అల్లునికి ఇంకా కచేరీలో బంట్రోతు పనే. కచేరీలన్నీ ఐదరాబాదుకు పోతాయంటాండారు, మమ్మల్ని గూడా పొమ్మంటారో ఏమో. వానలకు తుంగభద్ర నీళ్ళు ఎర్రగా వస్తాండాయి, చిల్లగింజ అరగదీసి తేర్చుకొని తాగుతాండాము. నువ్వు పంపిన బెల్లం చేరింది.

బెల్లం మాట వచ్చింది కాబట్టి చెప్తాండా, కోపం చేసుకోవద్దు. నాకు బెల్లం పడదమ్మా. చిన్నప్పటినుంచీ పడదు. నాకంటే ముందు పుట్టి, అమ్మవారు పోసి పోయిన ఆ పాపకు ఇష్టం. ఆ పాప పేరే నాకు పెడితివి. పూడ్చేముందు అవ్వ ఆ పాప వీపున మసిబొట్టు పెట్టిందంట, మళ్ళీ నీ కడుపున పుడితే గుర్తుపట్టేకి. నా వీపున పుట్టుమచ్చ చూసి "నా సోమక్క తిరిగొచ్చింది" అని ఊరంతా బెల్లం పంచితివంట. నేను ఊరిమిండి కారం అడిగితే, "పోయినసారి నీకు బెల్లమే పానం గదే, మర్చిపోతివా?" అంటాంటివి. అల్లరి చేస్తే "ముందు ఇట్ల లేకుంటివే నువ్వు" అని కండ్లనీళ్ళు పెట్టుకుంటాంటివి. నేనేం చేయాల? నేను చూడనే చూడని పాప మాదిరి ఎట్లుండాల? నవ్వేటప్పుడు గూడా, ఆయమ్మి ఇట్లే నవ్వుతాండెనా అని నీ మొగం చూస్తాంటి.

కాన్పుకు పుట్టింటికి ఎందుకు రాలేదని అడిగినావు. వస్తే నువ్వు నా బిడ్డ మొగం కంటే ముందు వీపు చూస్తావని భయపడితి. పేరేమి పెట్టినావంటివి. తుంగమ్మ. మన ఇండ్లలో ఆ పేరు ఎవురికీ లేదు, అందుకే పెట్టినా.

ఎప్పుడు తోల్కొస్తావని గూడా అడిగినావు. ఎట్ల రాయాలమ్మా! తుంగమ్మ లేదు. జొరమొచ్చి, పాలు తాగేది మాని, పోయిన అమాసకు ముందు నా ఒళ్ళోనే పోయింది.

మా అత్త రొట్టెలపెనం అడుగున ఏలు రాసి మసి తెచ్చింది. నేను చెయ్యి పట్టుకుంటి. "వద్దత్తా" అంటి. "ఎంత రాతిగుండె నీది! బిడ్డ తిరిగి రావద్దా?" అని ఏడ్చింది. నాకు లేదా ఆశ? ఆ పెనం మసంతా నేనే పూయాలనిపించింది. కానీ బొట్టు పెట్టినాక రేపు ఇంకొక బిడ్డ పుడితే, దాన్ని గూడా తుంగమ్మా అనే పిలుస్తా. దాంట్లో తుంగమ్మనే ఎతుకుతా, నువ్వు నాలో ఎతికినట్టు. అందుకే పెట్టనీలేదు. బొట్టు లేకుండానే పూడ్చినాము.

నేనుండానని నువ్వు ఆ పాపకోసం ఒక్కనాడూ ఏడ్వలేదు. ఆ దుఃఖమంతా ఎట్ల మింగితివో నాకిప్పుడు తెలుస్తాంది. కానీ ఆ పాప తిరిగి రాలేదమ్మా. నేను వేరే బిడ్డను.

కోపమొస్తే తిట్టు గానీ, రా. ఆ పాపకోసం, నా తుంగమ్మకోసం ఇద్దరం కూచొని ఏడుద్దాం. వచ్చేటప్పుడు బెల్లం తేవద్దు. నాకు ఇంత ఊరిమిండి నూరుకోని రా.

ఇట్లు,
నీ రెండో కూతురు
సోమక్క