ఇంజన్ గదిలో ఉన్నది నువ్వు కాదట

బాపూ,

నేను, నీ పెద్దబిడ్డ సుజాతను. నువ్వు వెళ్లిపోయి ఏడాది మీద రెండు నెలలైంది. ఇన్నాళ్లూ ఉత్తరం రాయాలని అనిపించలేదు. ఫోటోకు దండ వేసేటప్పుడు రోజూ రెండు మాటలు చెప్పుకుంటూనే ఉన్నాను కదా! ఈ వారం నుంచి ఆ ఫోటో ముఖం చూడలేకపోతున్నాను. అందుకే కాగితం పట్టుకున్నాను.

ముందు ఇంటి సంగతులు. అమ్మ బాగానే ఉంది. మోకాళ్ల నొప్పులకు మందు వేసుకోమంటే నా మీదికే లేస్తుంది. తమ్ముడు ఈసారి కూడా పత్తే పెట్టాడు. మన బచ్చన్నపేట మీద వాన ఎప్పటిలాగే అలిగింది.

ఇక అసలు సంగతి... ఎట్లా మొదలుపెట్టాలి బాపూ?

నీ పడవ మీద చిన్న పుస్తకం రాద్దామనుకున్నాను. ప్రతి ఆగస్టు పదిహేనుకు మన ఊరి బడిలో జెండా ఎగరేశాక నువ్వు చెప్పే కథ ఉంది చూడు, అదే. "మన చెరువుల మోకాలు మునగది గని, నేను నడి సముద్రంల లడాయి చేసొచ్చిన" అని మొదలుపెట్టేవాడివి. బంగ్లాదేశ్ యుద్ధం, తీరం వెంట గస్తీ తిరిగే మీ చిన్న పడవ, దాని మీద విమానం గుళ్లు కురిపించడం, డీజిల్ పైపు తెగి ఇంజన్ గదిలో మంటలు లేవడం. నువ్వు ఆ మంటల్లోనే నిలబడి వాల్వు తిప్పి తిప్పి డీజిల్ ఆపడం, ఒళ్లంతా మసితో బయటికి రావడం... ఆ బయటికి వచ్చే దగ్గర ఒక్క క్షణం ఆగేవాడివి. పిల్లలంతా చప్పట్లు కొట్టేవారు. ఆ పిల్లల్లో నేనూ ఒకదాన్నే.

జనగామ బడిలో నేను సోషల్ చెప్తానని నీకు ఎంత గొప్పో! "నా బిడ్డ చరిత్ర చెప్తది, నేను చరిత్ర చేసిన" అనేవాడివి.

పెద్ద ఓడల మీద పుస్తకాలున్నాయి. వాటికి పేర్లున్నాయి, బొమ్మలున్నాయి. మీ గస్తీ పడవలకు ఉత్త నంబర్లే. ముందొక తుపాకీ, వెనకొక తుపాకీ, నడుమ పదిహేడు మంది... ఒకరి కాళ్ల దగ్గర ఒకరు తల పెట్టుకుని పడుకునేవారట. అన్నం వండినవాడే గుళ్ల పెట్టెలు కూడా మోసేవాడట. ఎవరు ఏ పడవ ఎక్కారో చెప్పే కాగితం దొరకడమే గగనమైంది. పాత నావికుల ఫోన్ గ్రూపుల్లో చేరాను, కనిపించిన ప్రతి చిరునామాకూ ఉత్తరం రాశాను. చివరికి విశాఖలో ఒక పెద్దాయన, తన ట్రంకుపెట్టెలో దాచుకున్న కాగితాన్ని ఫోటో తీసి పంపాడు. ఆ రోజు మీ పడవ ఎక్కినవాళ్ల జాబితా.

నీ పేరు ఉంది బాపూ. దాని మీద అడ్డగీత ఉంది. పైన పెన్నుతో ఇంకో పేరు రాసి ఉంది. సమ్మయ్య.

స్టాఫ్ రూములో కూర్చుని చూశాను. బెల్లు మోగింది. క్లాసుకు పోవాలని తెలుసు, ఆ పేరే మళ్లీ మళ్లీ చదువుతున్నాను. సమ్మయ్య... ఆ పేరు నాకు తెలుసు కదా? ఏటా పెత్రమాసకు పెద్దల పేరు మీద అయ్యగారికి బియ్యం, కూరగాయలు ఇచ్చేటప్పుడు, తాతల పేర్లన్నీ అయ్యాక ఒక వాటా ఎక్కువ ఇప్పించేవాడివి, సమ్మయ్య పేరు మీద. ఎవరని అమ్మ అడిగితే "మనోడే, ఇయ్యి" అనేవాడివి. అంతకుమించి ఒక్క ముక్క లేదు. నువ్వు పోయాక వచ్చిన పెత్రమాసకు, ఎవరో ఏమో అని ఆ పేరును మేము వదిలేశాం.

నీతోపాటు నేవీలో చేరిన ప్రకాశం డోర్నకల్‌లో ఉన్నాడని ఆ పెద్దాయనే చెప్పాడు. నీ నోట ఎన్నడూ వినని పేరు. ఆదివారం రైలెక్కి పోయాను. చర్చి నుంచి అప్పుడే వచ్చాడు. నీ బిడ్డనంటే నా చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు. నువ్వు, ఆయన, భూపాలపల్లి దిక్కు సమ్మయ్య... ముగ్గురూ వరంగల్‌లో ఒకే రోజు భర్తీ అయ్యారట. ఆ వారం సమ్మయ్యకు ఒడ్డునే డ్యూటీ అట.

పడవ బయలుదేరే పొద్దున నీ వీపంతా ఎర్రగా పొక్కింది. నువ్వు అమ్మవారు పోసిందన్నావు. మన దిక్కు అంతే కదా, ఒంటి మీద నాలుగు పొక్కులు కనిపిస్తే డాక్టరు కన్నా ముందు తల్లి గుర్తొస్తుంది. సమ్మయ్యదీ మన దిక్కే. నీ వీపు చూసి దండం పెట్టాడట. తల్లి ఒంటి మీద ఉంటే ఇంజన్ వేడిలోకి పోవద్దని, నీ బదులు తాను పోతానని పట్టుబట్టాడట. అంత ఇరుకు పడవలో అందరికీ అంటుకుంటుందని పైవాళ్లూ సరేనన్నారు.

మర్నాడు దవాఖానలో చూస్తే అవి చెమటకాయలు.

చెమటకాయలు బాపూ! ఆ సాయంత్రమే పడవ తిరిగొచ్చింది. వాల్వు కట్టేసింది సమ్మయ్య. పదహారు మంది దక్కారు. ఆయన బయటికి రాలేదు.

చిన్నప్పుడు తమ్ముడికి పొక్కులు లేస్తే నాయినమ్మ గడపకు వేపమండలు కట్టింది, గుర్తుందా? వాటిని పీకి అవతల పారేశావు. "దవాఖానల చూపియ్యకుంట తల్లి అనకుండ్రి!" అని అరిచావు. ఎన్నడూ గొంతు పెంచని మనిషివి... దేవుడంటే నమ్మకం లేదేమో అనుకున్నాం.

ఎందుకు చెప్పావు బాపూ ఆ కథ? పొక్కులు చూసి భయపడటం తప్పా? ఉన్నది ఉన్నట్టు చెప్తే నిన్ను తక్కువ చేసేవాళ్లమా? నాకు కోపం వచ్చింది. ఇంకా పోలేదు. నా క్లాసులో ఎంతమంది పిల్లలకు ఆ కథ చెప్పానో!

మొన్న భూపాలపల్లి దిక్కు పోయాను. అడుగుతూ అడుగుతూ సమ్మయ్య చెల్లెలు కొమురమ్మ ఇల్లు పట్టుకున్నాను. ఆమెకు డెబ్బై దాటాయి. సముద్రంలో డ్యూటీ మీద పోయాడని అప్పట్లో ఒక కాగితం వచ్చిందట, అంతే. ఎట్లా పోయాడో ఇప్పటిదాకా ఎవరూ చెప్పలేదు. ఆమెది అప్పటి నుంచీ ఒకటే మాట. "గోదారి ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు ఈదినోడు, నీళ్లల్ల ఎట్ల మునిగిండు బిడ్డా?"

మన ఊరి బడిలో చదివిన పిల్లలందరికీ తెలిసిన సంగతి ఆ ఇంట్లో తెలియదు. పూట ప్రయాణం... ఒక్కసారి కూడా పోలేకపోయావా? ఆ గడప ఎక్కే ధైర్యం రాలేదా?

నేనే చెప్పాను. నీళ్లు కాదవ్వా, మంట అని. వాల్వు సంగతి చెప్పాను. చెమటకాయల సంగతీ దాచలేదు. కొట్టినా పడదామనుకున్నాను. ఆమె కొంగు నోట్లో కుక్కుకుంది. తర్వాత నీ పేరు అడిగింది. "మీ బాపు మంచిగ బతికిండా?" అంది. బతికాడన్నాను. అక్కడే భోరున ఏడ్చాను.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో నీ కథే తిరిగింది. నీ కథలో ఆ మనిషి బయటికి వస్తాడు. ఏటా వచ్చేవాడు. ఒక్క క్షణం ఆగేవాడివే, అక్కడ నీకు ఎవరు కనిపించేవారు? గొప్ప కోసమే చెప్పావా, ఆయనను బతికించుకుందామని చెప్పావా? రెండూనా? ఎవరిని అడగను...

వచ్చే వారమే ఆగస్టు పదిహేను. మన ఊరి బడి గ్రంథాలయంలో నీ పటం పెడుతున్నారు. కింద 'ఇంజన్ గది వీరుడు' అని పెద్దసారు ముందే రాయించాడు. మాట్లాడాల్సింది నేనే. అమ్మకు అంతా చెప్పాను. రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. నిన్న మాత్రం "ఆ పిలగాని పేరు ముందు చెప్పు" అంది. బాపు ఇజ్జత్ తీస్తవా అని తమ్ముడు నాతో మాట్లాడటం మానేశాడు.

సమ్మయ్యది ఒకే ఒక్క ఫోటో ఉంది కొమురమ్మ దగ్గర. పెద్దది చేయించాను. 'ఇంజన్ గది వీరుడు' అన్న మాట దాని కిందికి వెళ్తుంది. పక్కనే నీ పటం ఉంటుంది, కింద నీ పేరు ఒక్కటే. తీసేయించను బాపూ, భయపడకు.

కథ నేను చెప్తాను. నువ్వు చెప్పినట్టే, మన చెరువు నుంచి మొదలుపెడతాను. నువ్వు ఆగే చోట ఆగుతాను. ముందు వరుసలో ఆయన చెల్లెలు కూర్చుని ఉంటుంది. ఈసారి ఇంజన్ గదిలోంచి ఎవరూ బయటికి రారు.

పెత్రమాసకు సమ్మయ్య వాటా మరిచిపోను. ముందు ఆయనది, తర్వాత నీది.

నీ మీద ఇంకా కోపంగానే ఉన్న
నీ బిడ్డ,
సుజాత