నస్మా ముక్కు, మా ఈలలు

ఆగస్టు 4

ఇవాళ నస్మా మొహం గొరిగాను. మూతి చుట్టూ, కళ్ల చుట్టూ వెంట్రుకన్నది లేకుండా గొరిగి, నూనె రాసి ఎండలో నిలబెట్టాను. మా యజమాని లుత్ఫీ, మక్కా వెళ్లొచ్చాడు కనుక అందరికీ హాగ్ లుత్ఫీ, వచ్చి మాషల్లా అన్నాడు. ఇటుపక్క నుంచి చూశాడు, అటుపక్క నుంచి చూశాడు, వంగి చూశాడు. తన పెళ్లాన్ని పెళ్లికి ముందు కూడా అంతసేపు చూసి ఉండడు. ఒరే అబూ దోమా, ముక్కు లోపలికి ఎంత వంగిందో చూడరా, ఆ గుంటలో టీ పోసుకుని తాగొచ్చు అని మురిసిపోయాడు.

తాగొచ్చు. ఊపిరి పీల్చడానికే వీల్లేదు.

దానికింకా మొన్ననే ఏడాది నిండింది. దొడ్లో ఒక్క చుట్టు పరిగెత్తితే చాలు, వడ్రంగి షాపులో రంపం ఆడుతున్నట్టే. నస్మా అంటే మా అరబ్బీలో పిల్లగాలి. ఆ పేరు పెట్టింది కూడా హాగే. మా బిల్‌బేస్ ఊరు మొత్తానికి పెద్ద కొంటెవాణ్ణి నేనే అనుకుంటాను గానీ, ఆయన ముందు నేనెంత.

ఆగస్టు 6

గుర్రాల డాక్టరమ్మ నిర్మీన్ వచ్చింది. నస్మా ముక్కులోకి సన్నటి గొట్టం కెమెరా దూర్చి, ఆ బొమ్మ హాగ్‌కి చూపించింది. లోపల దారి మూసుకుపోయినంత పని అయిందట. మనకి ముక్కు పట్టేస్తే నోరుంది, గుర్రానికి ఆ వసతి లేదు, దానికి ముక్కొక్కటే గతి అని చెప్పింది. ఈ ఎండల్లో గుర్రాల అందాల షోకి తీసుకెళ్లి పరిగెత్తిస్తే పడిపోతుంది హాగ్, పడితే లేవదు అంది. దీని తల్లి అతియాత్‌ని మళ్లీ దీని తండ్రి ఘందూర్‌తో దాటించొద్దనీ చెప్పింది. ఆ రెండూ ఒకే తండ్రి బిడ్డలు. వంకర మీద వంకర వేస్తే ఇలాంటి పిల్లే పుడుతుంది అంది.

హాగ్ చాలా మర్యాదగా టీ పోయించాడు. బిస్కట్లు తెప్పించాడు. ఆవిడ కారు గేటు దాటగానే, వాళ్లింట్లో పెంచేది పిల్లినిట, రక్తం గురించి ఆవిడకేం తెలుసురా అన్నాడు.

ఆ తర్వాత నా పని నాకు గుర్తుచేశాడు. గొరగడం, నూనె రాయడం ఒక్కటే కాదు నా కొలువు. షోలో మా గుర్రం బరిలోకి రాగానే ఈలలేసి, కేకలు పెట్టి, జనం చేత చప్పట్లు కొట్టించే ముఠాకి పెద్దని నేనే. ప్రతి ఫారానికీ ఇలాంటి ముఠా ఒకటుంటుంది. ఈల లేని గుర్రం మేళం లేని పెళ్లి. అది అడుగు పెట్టిన దగ్గర్నుంచీ నిలబడేదాకా ఈలకీ ఈలకీ మధ్య సందు ఉండకూడదు, తెలిసిందా అన్నాడు.

తెలియకేం. దాని చప్పుడు మా చప్పుడు కింద కప్పెట్టాలి.

ఆగస్టు 9

చాలా రోజులకి చేతులు దురద పెట్టాయి.

నా బావమరిది సబ్రీకి పుచ్చకాయల బండి లాగే గుర్రం ఒకటుంది. పేరు జక్‌జూక్. దాని మొహం తలుపు చెక్క. నుదుటి నుంచి మూతి దాకా గీత గీసినట్టు ఉంటుంది. ఆ ముక్కులోకి ఉల్లిపాయ పడేసినా తుమ్మదు, అంత దారి. దానికి స్నానం చేయించి, మా ఫారంలోంచి తెచ్చిన నూనె రాసి, పక్కనుంచి ఫోటో తీశాను. మా అమ్మాయి ఫోన్లో ముక్కులు సన్నం చేసే యాప్ ఉంది. పెళ్లిళ్లప్పుడు చుట్టాలందరి ముక్కులూ అందులోనే సన్నబడతాయి. దాంట్లో పెట్టి జక్‌జూక్ ముక్కుని నొక్కాను. ఇంకా నొక్కాను. టీకప్పు పిడిలా అయ్యేదాకా వదల్లేదు. ఆ ముక్కుతో ఏ జంతువూ ఒక్క పూట బతకదు.

సుల్తాన్ అర్రిమాల్, అంటే ఇసకల రాజు అని పేరు పెట్టాను. యజమాని ఎక్కడో ఎడారిలో ఉండే షేక్ అబూ నవ్వాఫ్ అని రాశాను. ఆ షేక్ పేరుతోనే ఖాతా తెరిచి, గుర్రాలు పెంచేవాళ్లంతా ఉండే ఫేస్‌బుక్ గుంపులో పడేశాను. రేపు అందరూ పడీపడీ నవ్వుతారు, నవ్వి తమ గుర్రాలకేసి ఓసారి చూసుకుంటారు.

ఆగస్టు 10

ఒక్కడూ నవ్వలేదు.

ఆగస్టు 11

నా తల ఎక్కడ బాదుకోను!

మాషల్లాలు, సుబహానల్లాలు వరదలా వచ్చిపడ్డాయి. ఒకడు దీని తండ్రిని కళ్లారా చూశానన్నాడు. ఇంకొకడు దీని తాతకి తన చేత్తో ఖర్జూరం తినిపించానన్నాడు. పుచ్చకాయల బండి గుర్రానికి తాత! తాంతా ఊరి నుంచి ఒక మహానుభావుడు మాత్రం తప్పు పట్టాడు. అన్నీ బాగున్నాయి గానీ ముక్కు ఇంకాస్త వంగి ఉంటే బాగుండేదిట.

పొద్దున్నే హాగ్ నుంచి కబురు. వెళితే ఫోన్ నా మొహం మీద పెట్టాడు. కళ్లల్లో నీళ్లు. దేవుడు ఎవరికి ఏం ఇస్తాడో చూడరా, దీని ముందు మన నస్మా మొహం గాడిద మొహంరా అన్నాడు. నస్మాని గాడిద అన్నందుకు వెంటనే లెంపలేసుకుని, వెళ్లి దాని నుదుటి మీద ముద్దు కూడా పెట్టాడు. ఆయనకి అదంటే ప్రాణం. నాకు మండేది కూడా అందుకే. గిట్టనివాడు చేస్తే తిట్టి ఊరుకోవచ్చు.

ముద్దు పెట్టిన నోటితోనే చెప్పాడు, ముక్కు మీద బిగించడానికి తోలు పట్టీ కుట్టించమని. ఎముక ఇంకా లేత, ఇప్పుడు బిగిస్తే షో నాటికి గుంట లోతవుతుందిట.

నేను వేసిన ఎకసెక్కానికి పట్టీ నస్మాకి.

ఆగస్టు 15

పట్టీ వచ్చింది. పొద్దున హాగ్ బిగిస్తాడు, మధ్యాహ్నం నేను వదులు చేస్తాను, సాయంత్రం ఆయన మళ్లీ బిగిస్తాడు. పట్టీ సాగుతోందిరా, తోలు నాసిరకం అని కుట్టినవాణ్ణి తిట్టాడు. నస్మా గోడకి మొహం రుద్దుకుంటోంది. గొరిగిన చోట చర్మం లేచింది. దాని మీద నూనె రాసి మెరిపించే పని కూడా నాదే.

ఆగస్టు 19

ఇక లాభం లేదని హాగ్‌ని కారెక్కించి సబ్రీ దొడ్డికి తీసుకెళ్లాను. జక్‌జూక్ పుచ్చతొక్కలు నములుతోంది. ఇదిగో మీ సుల్తాన్ అర్రిమాల్ అన్నాను. ఫోన్ తీసి, నొక్కక ముందు ఫోటో, నొక్కిన తర్వాత ఫోటో రెండూ చూపించాను. ఆయన కళ్లెదుటే మళ్లీ నొక్కి చూపించాను. ఎగతాళికి చేశాను హాగ్, తప్పయింది, ఆ పట్టీ తీసేయండి అన్నాను.

హాగ్ జక్‌జూక్ చుట్టూ తిరిగాడు. నుదుటి మీద చుక్క చూశాడు. ఫోటోలో చుక్క చూశాడు. ఆయన మొహం వెలిగిపోయింది. చుక్క ఒకటేరా, ఇది సుల్తాన్‌కి దగ్గర చుట్టం అయి ఉండాలి, బండికి కట్టి నాశనం చేశారు అన్నాడు! అంతటితో ఆగలేదు. సుల్తాన్ లేడని నమ్మిస్తే నేను వెతకడం మానేస్తాననా, ఆ అబూ నవ్వాఫ్ నీకెంత ముట్టజెప్పాడురా అని నిలదీశాడు.

సబ్రీకి తన బెంగ తనది. మెల్లగా దగ్గరికొచ్చి, అయితే బావా, రేపట్నుంచి దీని మీద పుచ్చకాయలు వేయొచ్చా, వేయకూడదా అని అడిగాడు.

ఆగస్టు 20

నా భార్య సనియ్యా అంటుంది, నీ జన్మలో మొదటిసారి నిజం చెప్పావు కదా, అలవాటు లేక సరిగ్గా చెప్పి ఉండవు అని.

సెప్టెంబర్ 12, ఉదయం

ఇవాళే షో. తెల్లారకుండానే వేడి. నస్మాని లారీలోంచి దించాం. ఊరికే నిలబడి ఉన్నా ముక్కుపుటాలు తెరుచుకునే ఉన్నాయి. పట్టీ వదులు చెయ్యబోతే హాగ్ చెయ్యి పట్టుకున్నాడు. బరిలోకి వెళ్లే ముందు నేనే తీస్తాను, నువ్వు నీ ఈలల సంగతి చూసుకో అన్నాడు.

చూసుకుంటాను. ముఠాని పోగేసి చెప్పాను, నేను చెయ్యెత్తేదాకా ఎవడి నోట్లోంచీ గాలి కూడా రాకూడదని. ఏదో కొత్త ఎత్తు అనుకుని కుర్రాళ్లు సంబరపడ్డారు. తర్వాత మైకు సెట్టు దగ్గర నీడగా ఉందని చెప్పి, అక్కడే కుర్చీ వేసుకున్నాను.

అదే రోజు, సాయంత్రం



నస్మా బరిలోకి వచ్చింది. పాట దద్దరిల్లిపోతోంది. దాన్ని ఆడించేవాడు కర్రకి కట్టిన ప్లాస్టిక్ సంచీ ఆడిస్తున్నాడు. దాన్ని చూసి బెదిరి గుర్రం మెడ ఎత్తాలి, కళ్లు పెద్దవి చెయ్యాలి. జనం దాన్నే పౌరుషం అంటారు. నస్మా మెడ ఎత్తింది. వాడు పరుగు పెట్టించాడు. ముఠా మొత్తం నాకేసి చూస్తోంది. నా కుడిచెయ్యి జేబులోనే ఉంచాను. ఎడంచేత్తో మైకు సెట్టు ప్లగ్గు పీకేశాను.

అంత మైదానమూ ఒక్కసారి నోరు మూసుకుంది.

ముందు ఎవడో నవ్వాడు, జనరేటర్ పాడయిందిరా అని. కాదు. రంపం. పచ్చి కర్రలో ఇరుక్కున్న రంపం. అది బరిలోంచి వస్తోందని తెలియడానికి జనానికి కాసేపు పట్టింది. ముందు వరసలో ఒకావిడ తాగుతున్న రసం గ్లాసు కింద పెట్టేసింది. ఆ చప్పుడూ వినపడింది. సంచీ గలగలా వినపడింది. ఆ వెధవ ఇంకా ఆడిస్తూనే ఉన్నాడు మరి.

నస్మా తనే ఆగిపోయింది. కాళ్లు ఎడం చేసి, మెడ ముందుకి చాచి నిలబడిపోయింది. చిగుళ్లు నీలం తిరిగాయి. జడ్జీల్లో ఒక తెల్లతను టోపీ తీసి లేచాడు, చెయ్యెత్తి ఆపమన్నాడు. షో డాక్టరు పరిగెత్తుకొచ్చాడు. ఐస్ నీళ్లు పోశారు. ముందుకాళ్లు మడతపడ్డాయి. పడిపోయింది అనుకున్నాను. పడలేదు. నిలదొక్కుకుంది.

హాగ్ ఇసకలో పడుతూ లేస్తూ వచ్చాడు. దాని తల గుండెకి ఆనించుకున్నాడు. ఈలలు లేకుండా ఆ ఊపిరి అంత దగ్గర్నుంచి ఆయన వినడం అదే మొదలేమో. చాలాసేపు అలాగే విన్నాడు.

తర్వాత నా దగ్గరికొచ్చి ప్లగ్గు ఎవరు పీకారని అడిగాడు. నేనే అన్నాను. మళ్లీ అడిగాడు. నేనే హాగ్ అన్నాను.

ఈసారి నమ్మాడు.

సెప్టెంబర్ 13

కొలువు ఊడింది. హాగ్ నా మొహం చూడకుండా గోడకేసి మాట్లాడాడు. నీ బూరాని కూడా నువ్వే తీసుకుపో, అది ఇక్కడుంటే నాకు వినపడుతూ ఉంటుంది అన్నాడు. బూరా అంటే నస్మా. పట్టీ మాత్రం తనే విప్పి చెత్తలో పారేశాడు.

చల్లబడ్డాక జక్‌జూక్ బండి వెనకాల మెల్లగా నడిపించుకొచ్చాను. దారి పొడుగునా రాజకుమారి వెనక, పుచ్చకాయలు ముందు. మా ఇంటి గోడకి ఆనుకునే ఉన్న సబ్రీ దొడ్లో నీడ ఉన్న మూల దానికిచ్చాం. ఇప్పుడు ఊరికే నిలబడ్డా సన్నగా రంపమే. డాక్టర్ నిర్మీన్ వచ్చి చూసింది. పరుగు లేకుండా, చల్లగా ఉంచితే బతుకుతుంది, ఆ ముక్కుని బాగుచెయ్యడం మాత్రం ఎవరి వల్లా కాదు అంది.

అక్టోబర్ 2

షేక్ అబూ నవ్వాఫ్‌కి, అంటే నాకే, హాగ్ నుంచి మెసేజ్ వచ్చింది. సలాములతో మొదలెట్టి దువాలతో ముగించాడు. నస్మా తల్లి అతియాత్ దగ్గరికి ఘందూర్‌ని రానివ్వడం లేదట. సుల్తాన్ కోసమే దాన్ని ఖాళీగా ఉంచాడట. ఎప్పుడు దాటిస్తారో దయచేసి చెప్పమన్నాడు.

ఇంత జరిగాక కూడా! ఫోన్ గోడకేసి కొట్టబోయాను. ఆ తర్వాత కూర్చుని, చల్లగా ఆలోచించి జవాబు రాశాను. సుల్తాన్‌కి ఈ ఏడు దగ్గు పట్టుకుంది హాగ్, వచ్చే ఏడు ఇన్షల్లా అని.

వచ్చే ఏడు కాలు బెణుకుతుంది. ఆపై ఏడు అజీర్తి. అతియాత్ ముసలిదయ్యేదాకా సుల్తాన్ ఆరోగ్యం బాగుపడే ఆశ లేదు.

నవంబర్ 7, మధ్యాహ్నం

కునుకు పట్టింది. గోడవతల రంపం ఆగిపోయింది. చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తాను. నస్మా తొట్టిలో మూతి పెట్టి నీళ్లు తాగుతోంది. తల ఎత్తింది. మళ్లీ రంపం. వచ్చి పడుకున్నాను.