వంతెన దగ్గర ఎవరు గెలిచారు?

ప్రియమైన కందిరీగకి,

కవరు మీద చేతిరాత చూసి చింపెయ్యకు. చింపినా ముక్కలు అతికించుకుని చదువుతావులే, నీ సంగతి నాకు తెలియదా! ఫోన్‌లో నన్ను బ్లాక్ చేసి పదకొండేళ్ళయింది కాబట్టి మీ కళ్ళద్దాల దుకాణం చిరునామాకే రాస్తున్నాను.

ఒసేయ్, అనిమే వస్తోంది! మన గుమాస్తా కథని జపాన్ వాళ్ళు బొమ్మల సీరియల్‌గా తీశారు! పన్నెండు ఎపిసోడ్లు. తెలుగు సబ్‌టైటిల్స్ మా కంపెనీకే ఇచ్చారు. మొన్న మా మేడం ఫైలు తెచ్చి నా బల్ల మీద పడేసి, "ఇదేం పేరమ్మా, చదివేలోపు టీ చల్లారిపోయింది, నువ్వు చూడు" అంది. చూస్తే అదే! 'తపాలా గుమాస్తానైన నేను మరో లోకంలో పుట్టి, ఓడిపోయే సైన్యానికే వ్యూహాలు ఎందుకు చెబుతున్నాను?' నేను పెట్టిన కేకకి పక్క గదిలో డబ్బింగ్ ఆపేశారు.

హాస్టల్ గది గుర్తొచ్చింది. నేను ఇంగ్లీషు పుస్తకం పైకి చదవడం, నువ్వు తెలుగులో రాయడం, మధ్యలో చెయ్యి నొప్పెడితే మార్చుకోవడం. ప్రతి యుద్ధాన్నీ నేల మీద సుద్దతో గీసి, చొక్కా గుండీలతో ఆడితే గానీ నువ్వు ముందుకు కదలనిచ్చేదానివి కాదు. ఆ తొమ్మిది భాగాలూ, ఏడు నోటుపుస్తకాలూ నీ దగ్గరే ఉన్నాయి కదా? అందులో నువ్వు పెట్టిన వ్యూహాల పేర్లు నాకు కావాలి. ఎంత బుర్ర గోక్కున్నా అంతకంటే మంచివి తట్టడం లేదు.

ఇంకో మాట. ఇది ముందే రాయాలి, కానీ పేజీ చివరికి తోసుకుంటూ వచ్చాను. ఈ ఉద్యోగానికి నమూనాగా నేనిచ్చింది మనిద్దరి అనువాదంలోని పది పేజీలు. దరఖాస్తులో పేరు రాయడానికి ఒక్క గీతే ఉంది. రెండు పేర్లు పట్టవా అంటే పట్టేవి. నేను ఒకటే రాశాను. తప్పు నాది.

నోటుపుస్తకాలు పంపుతావా?

ఎప్పటికీ నీ
గుడ్లగూబ


గౌరవనీయులైన సబ్‌టైటిల్ రచయిత్రి గారికి నమస్కరించి రాయునది,

మీ ఉత్తరం అందినది. మీరు క్షేమమని తలుస్తాను. మీకు అవసరం పడితే తప్ప మేము గుర్తు రామని ఇప్పుడు రూఢి అయినది.

నోటుపుస్తకాలు అటక మీద ట్రంకుపెట్టెలో ఉన్నవి. అక్కడే ఉంటవి. దుకాణంలో నాకు పని చాలా ఉన్నది. నాన్నకి చూపు ఆనక అద్దాలు అరగదీసేది, మరలు బిగించేది, బోర్డు మీద అక్షరాలు చదివించేది అంతా నేనే. మీ బొమ్మల కథలకు తీరిక లేదు.

తమరు క్షమాపణ చెప్పినది పది పేజీల గురించి. నాకు మండినది పది పేజీలకి కాదు, ఒక్క మాటకి. తొమ్మిదో భాగం, వంతెన యుద్ధం. వరద వచ్చి శత్రువులు కొట్టుకుపోతుంటే గుమాస్తా తన పడవలు పంపి వాళ్ళని కూడా ఒడ్డుకు చేరుస్తుంది. నల్లకవచం సేనాని కత్తి కింద పెట్టి, తడిసి ముద్దై ఆమె పక్కన కూర్చుని, "ఎవరు గెలిచారు?" అంటాడు. ఇంగ్లీషులో ఆమె జవాబు 'వుయ్' అని మొదలవుతుంది. తెలుగులో మేమా, మనమా? మేం గెలిచాం అంటే వాడు శత్రువుగానే మిగిలిపోతాడు. "మనం గెలిచాం" అంటే వాడు మనవాడైపోతాడు. పదో భాగం రాకముందే, వాడు ఆమెకి కాపలాగా నిలుస్తాడని ఎవరికీ తెలియకముందే, 'మనం' అని పెట్టాం. ఆ 'మనం' నాది. మీ మేడం గారు ఆ మాట చూసే ఉద్యోగం ఇచ్చారని మీరే హాస్టల్‌లో అందరికీ చెప్పారు. నా పేరు మాత్రం చెప్పలేదు.

ఇక ఉత్తరాలు రాయవలదు.

ఇట్లు
కళ్ళద్దాల దుకాణం

తా.క. ఆ అనిమేలో నాలుగో భాగపు ముట్టడి ఉంచారా, కోసేశారా? ఉంచితే దాన్ని 'దీర్ఘకాలిక దిగ్బంధం' లాంటి చచ్చు పేరుతో పిలిచావో, చూడు, ఊరుకోను. దాని పేరు అత్తగారి ముట్టడి. కదలదు, కొట్టదు, వచ్చి గుమ్మంలో కూర్చుంటుంది. లోపలివాళ్ళే లొంగిపోతారు.


ప్రియమైన కందిరీగా,

తాఖీదు మొత్తం మీరు, తమరు అని రాసుకొచ్చి, తా.క.లో "చూడు, ఊరుకోను" అన్నావు. ఆ ఒక్క 'చూడు'ని నాలుగుసార్లు చదువుకున్నాను.

ఉంచారే, ఉంచారు! అత్తగారి ముట్టడి ఉంచారు! ఎపిసోడ్ మూడులో రెండు నిమిషాల పాటు ఎవరూ మాట్లాడరు. కోట బయట సైన్యం బట్టలు ఉతుక్కుంటూ ఉంటుంది, కోట లోపల రాజుకి చెమటలు. వెనకాల వచ్చే పాటని అప్పట్నించీ కూనిరాగం తీస్తూనే ఉన్నాను. కానీ నీకు కోపం వచ్చే సంగతి కూడా చెప్పాలి. తిండి బళ్ళు కోసేశారు. మూడో భాగంలో గుమాస్తా ఉత్తరాల సంచులు సర్దినట్టే గోధుమ బస్తాలు ఊరి వారీగా సర్దుతుందే, ఆ అధ్యాయం మొత్తం తీసేసి, దాని బదులు ఎవడో కొత్త కుర్రాడు గాల్లోకి ఎగిరి మెరుపుల కత్తి తిప్పుతాడు. నాకు కత్తులంటే ఇష్టమే, ఆ ఎగరడం కూడా అద్భుతంగా గీశారు, అబద్ధం ఎందుకు? నువ్వైతే టీవీ మీదకి చెప్పు విసురుతావు.

ఇక్కడ నా పని నీ గుండీల యుద్ధం లాంటిదే. రెండు వరుసలు, వరుసకి ముప్పై అక్షరాలు, మూడు సెకన్లు. ఆ ఇరుకులోంచి ఒక సైన్యాన్ని దాటించాలి. 'పరివేష్టిత ప్రతిదాడి' అని రాస్తే చూసేవాడు చదివేలోపు దాడి అయిపోతుంది. నీ 'పీత పట్టు' అయితే ఒక్క చూపులో అర్థమవుతుంది. అందుకే అడిగాను.

ఇక ఆ మాట. అవును. ఇంటర్వ్యూలో మేడం ఆ పేజీ మీద వేలు పెట్టి, "ఇక్కడ 'మేం' అని రాయడానికి ఎందుకు చేతులు రాలేదు?" అని అడిగింది. నేను ఏదో చెప్పాను. ఆ 'మనం' నీదని చెప్పలేదు. ఇన్నేళ్ళుగా ఆవిడ కొత్తవాళ్ళకి ఆ మాటే ఉదాహరణగా చెబుతుంటే, నేను నీళ్ళ సీసా మూత తీసి తాగుతూ కూర్చుంటాను.

ఈసారి చెప్పేస్తాను. ఎపిసోడ్ తొమ్మిది వంతెన యుద్ధమే. దానికంటే ముందే చెబుతాను.

నీ
గుడ్లగూబ


ఒసేయ్ గుడ్లగూబా,

తిండి బళ్ళు కోసేశారా? బుద్ధుందా వాళ్ళకి? ఆ కత్తి పట్టుకున్న చేతికి ముందురోజు తిండి ఎవరు పెట్టారట, మెరుపులా? నేను ఈ కథని ప్రేమించిందే అందుకు. మిగతా కథల్లో మరో లోకంలో పుట్టినవాడికి పుట్టగానే మంత్రశక్తి, మాయగుర్రం, వెనకాల నలుగురు రాకుమార్తెలు. మన గుమాస్తాకి ఏముంది? ఏ ఊరికి ఏ దారిలో ఎన్నాళ్ళు పడుతుందో తెలియడం, అంతే. దాంతోనే గెలిచింది. దుకాణంలో కూర్చుని నేను కూడా అదే అనుకునేదాన్ని, నాకున్నది ఓ చిన్న స్క్రూడ్రైవరే గానీ దీంతోనూ ఏదో ఒకటి గెలవొచ్చని.

తీరిక లేదన్నాను కదా, అబద్ధం. మధ్యాహ్నం దుకాణంలో ఎవరూ లేనప్పుడు ఫోన్‌లో వ్యూహాల గేమ్ ఆడుతున్నాను. కోటలు, దళాలు, పటం మీద పొగమంచు. పోయినవారం వరసగా ఆరు ఓటములు. నాన్న నా వెనక నిలబడి, కనీకనపడని ఆ కళ్ళతోనే చూసి, "అమ్మడూ, నువ్వు రాజుని కాపాడుకుంటూ రోడ్డుని వదిలేస్తున్నావు" అన్నాడు. రోడ్డుని కాపాడాను. గెలిచాను. అప్పట్నించీ ఆయన ఓ సేనాధిపతిలా తిరుగుతున్నాడు. బేరానికి వచ్చినవాళ్ళకి కూడా సలహాలే.

అటక ఎక్కాను. ట్రంకుపెట్టె దించాను. పేర్లన్నీ విడిగా కాగితాల మీద ఎత్తి రాసి దీంతో పెడుతున్నాను, మొత్తం నలభై మూడు. పీత పట్టు, అత్తగారి ముట్టడి, చీపురు దాడి, అలిగిన గుర్రం, అద్దె ఇల్లు ఖాళీ చేయడం (అంటే వెనక్కి తగ్గడం, కానీ పోతూ పోతూ గోడల్లో మేకులు కూడా పీక్కుపోవడం). వాడుకో. నోటుపుస్తకాలు మాత్రం పంపను. పాతబడ్డాయి, కాగితం పొడి రాలుతోంది.

మీ మేడంకి చెబుతానన్నావు. వద్దులే. ఎప్పటి మాట! ఇప్పుడు తవ్వుకుని ఏం చేస్తాం? నిజంగానే అంటున్నా, చెప్పకు. దాని బదులు ఎపిసోడ్ అయిదులో ఏమైందో రాయి. అలిగిన గుర్రం ఉందా?

నీ
కందిరీగ


ప్రియమైన కందిరీగా,

చెప్పేశాను.

నువ్వు వద్దన్నావు. కానీ నీ కాగితాలు నలభై మూడు పేర్లతో బల్ల మీద పరుచుకుని ఉంటే, మేడం వచ్చి చదివి పడీపడీ నవ్వింది. "ఎవరివి ఇవి?" అంది. ఇంకెప్పుడు చెప్పను? నమూనా పేజీలు ఇద్దరివనీ, ఆ 'మనం' అచ్చంగా నా స్నేహితురాలిదనీ చెప్పాను.

ఆవిడ నవ్వు ఆగిపోయింది. కుర్చీ లాక్కుని కూర్చుంది. "పదకొండేళ్ళ నుంచి నేను ఎవరిని మెచ్చుకుంటున్నానమ్మా?" అంది, అంత నెమ్మదిగా. తిట్టి ఉంటే బాగుండేది.

ఈ సిరీస్ నా దగ్గర్నుంచి తీసేశారు. సబ్బుల ప్రకటనలకి వేశారు. 'నురగే నురగ' అని ఈ రోజుకి పన్నెండుసార్లు రాశాను. ఉద్యోగం ఉంటుందో లేదో శుక్రవారం చెబుతారట. వంతెన ఎపిసోడ్ కొత్తగా వచ్చిన అతనికి ఇచ్చారు. చురుకైనవాడే, కానీ పుస్తకాలు చదవలేదు. తెర మీద తొంగిచూశాను. "మేం గెలిచాం" అని పెట్టాడు. అదీ శుక్రవారమే ప్రసారానికి వెళ్ళిపోతుంది.

కానీ ఒకటి చెప్పనా? ఛాతీ మీద నుంచి ట్రంకుపెట్టె దించినట్టుంది. అలిగిన గుర్రం ఉందే! ఎపిసోడ్ అయిదు. నేను పెట్టిన చివరి సబ్‌టైటిల్ అదే. గుర్రం నిజంగానే మూతి ముడుచుకుంటుంది. చూస్తే నవ్వలేక చస్తావు.

నీ పేరు వేయమని అడిగాను. వేస్తారో లేదో తెలియదు. అడిగానని మాత్రం నీకు తెలియాలి.

నీ
గుడ్లగూబ


గుడ్లగూబా,

ఇది చదువుతూ తల పైకెత్తకు, చివరిదాకా చదువు.

ఆ 'మనం' నాది కాదు.

మొదటి జవాబు రాసేటప్పుడు నాదేనని ఒట్టేసి చెప్పగలిగేదాన్ని. అది పోస్టు చేశాకే అటక ఎక్కాను. ఏడో నోటుపుస్తకం, వంతెన పేజీ. నా చేతిరాతలో, నా నీలం ఇంకుతో, "మేం గెలిచాం". 'మేం' మీద పచ్చ ఇంకుతో కొట్టివేత. పైన, పిచ్చుక కాళ్ళలాంటి నీ అక్షరాలతో, "మనం". పక్కన మార్జిన్‌లో నేనే రాశాను: 'శత్రువుని కలుపుకోవడమేంటి, దీనికి మతి పోయింది. మూడు రోజుల నుంచి చెబుతున్నా వినదు.'

మూడు రోజులు నేను 'మేం' కోసం పోట్లాడాను! పదో భాగం వచ్చి నువ్వే కరెక్టని తేలాక, మనిద్దరం పెట్టామని అందరికీ చెప్పుకుంటూ తిరిగాను. చెప్పగా చెప్పగా నేనే పెట్టాననిపించింది. ఆ అనిపించినదాని మీద పదకొండేళ్ళు కోపం పెంచుకున్నాను.

చూశాక ఎందుకు చెప్పలేదంటావా? నువ్వు ఉత్తరాలు రాస్తున్నావు. బతిమాలుతున్నావు. గుర్రాల గురించి చెబుతున్నావు. నిజం చెబితే నీకు నాతో పనేముంటుంది, ఇంక రాయవేమోనని భయపడ్డాను. నీ ఉద్యోగం మీదకి వస్తుందని తెలిసుంటే అప్పుడే చెప్పేదాన్ని. చెప్పేదాన్ననే అనుకుంటున్నాను.

నీ ఉత్తరం ఈ పొద్దున అందింది. గురువారం. నీ పాత నంబరు పనిచేయలేదు. దుకాణం నాన్నకి అప్పజెప్పి, ఏడు నోటుపుస్తకాలూ సంచిలో వేసుకుని బస్సెక్కాను. మీ ఆఫీసుకి వచ్చి, తిన్నగా మీ మేడం గదిలోకి వెళ్ళాను.

ఆవిడ కళ్ళద్దాలు ఎడమ చెవి దగ్గర వంకరపోయి ఉన్నాయి. నా చెయ్యి ఊరుకోదు కదా. "ముందు అవి ఇలా ఇవ్వండి" అన్నాను. కంగారుపడి తీసిచ్చేసింది. మర బిగించి, కాడ సరిచేసి పెట్టి, అప్పుడు వంతెన పేజీ తెరిచి ఎదురుగా పెట్టాను.

"మేడం, నీలం నాది, పచ్చ దానిది. మీరు మెచ్చుకున్న మాట పచ్చది" అన్నాను.

ఆవిడ ఆ పేజీ చూసి ఊరుకోలేదు. మొదటి నోటుపుస్తకం తీసింది. నలభై నిమిషాలు చదివింది. నేను నిలబడే ఉన్నాను. మధ్యలో ఒకసారి నవ్వు వినిపించింది.

"మరి తనదాన్ని మీదని ఎందుకు చెప్పిందమ్మా?" అంది చివరికి.

"నేను గట్టిగా అరిస్తే అది నమ్మేస్తుంది మేడం. చిన్నప్పట్నించీ అంతే."

"పేరు దాచింది మాత్రం నిజమేగా?"

"నిజమే. అది తప్పు కాదని నేననను. పడాల్సిన తిట్లేవో నేను తిడతాను. ఆ ఎపిసోడ్ మాత్రం దానికివ్వండి. రేపు 'మేం' అని వెళ్ళిపోయిందంటే, తర్వాత నల్లకవచం ఆమెకి కాపలాగా గుమ్మం ముందు ఎందుకు నిలబడ్డాడో ఒక్కడికీ అర్థం కాదు."

ఆవిడ కళ్ళద్దాలు తీసి చూసుకుని మళ్ళీ పెట్టుకుంది. ఫోన్ ఎత్తి ఎవరికో, తొమ్మిదో ఎపిసోడ్ ఫైలు రెండో అంతస్తుకి, నీ బల్ల మీదకే తిరిగి పంపమని చెప్పింది. తర్వాత నా వైపు ఒక కాగితం తోసింది. వ్యూహాల పేర్లు ఎవరివో, మొదటి అనువాదం ఎవరిదో తెర మీద వేయాలట. రెండు గీతలు గీసి ఇచ్చింది. పైదాంట్లో నీ పేరు రాశాను, కిందిదాంట్లో నాది. నీ ఇంటిపేరులో ఒత్తు ఉందా లేదా అని కాసేపు ఆగాల్సి వచ్చింది, తిట్టుకోకు.

ఇప్పుడు మీ ఆఫీసు కింద, మెట్ల పక్కన బెంచీ మీద కూర్చుని ఇది రాస్తున్నాను. వాచ్‌మన్ నన్నూ కాగితాన్నీ మార్చి మార్చి చూసి, "ఆవిడ పైనే ఉన్నారు కదమ్మా, నాలుగు మెట్లెక్కి నోటితో చెప్పకూడదూ?" అన్నాడు. నా వల్ల కాదన్నాను. పాపం, తనే పైకి వచ్చి నీకు ఇస్తానన్నాడు.

అయిదున్నరకి బస్సుంది. అది పోతే ఆరుంపావుకి ఇంకోటి. అదీ పోతే ఎలా వెళ్ళాలో నాకు తెలియదు, తెలుసుకోవాలని కూడా లేదు.

కిందికి రావే.

నీ
కందిరీగ