రత్నవ్వ ఆగిన చోటు

ఆర్మూర్, బుధవారం

సువర్ణక్కా, ఫోన్‌లో నీకు సరిగా వినబడదని కార్డు రాస్తున్నాను. నేను బాగానే ఉన్నాను.

వారం తిరిగినా నాన్న రాసి ఆడిన సంగీత నాటకం ప్రతి దొరకలేదు. పసుపు మార్కెట్ వెనక ఆయన అద్దెకున్న ఇల్లు కూడా పడగొట్టారు. నిన్న మోర్తాడ్‌లో, ఆయన సరసన రాణి వేషం కట్టిన రత్నవ్వను కలిశాను. తన వంతు పాటలన్నీ ఆమెకు నోటికొచ్చు. బీడీలు చుడుతూ ఒకటి పాడి మధ్యలో ఆగింది. ఏమైందని అడిగితే, “గిప్పుడు మీ నాయిన పాడాలె బిడ్డా, జర ఆగు” అంది. ఆయన పాటకు పట్టేంత సేపు ఇద్దరం మౌనంగా కూర్చున్నాం. తర్వాత ఆమె తన చరణం అందుకుంది.

బావ మోకాలి నొప్పి తగ్గిందా? లాడ్జిలో నన్ను పలకరించేవాళ్లు లేరు. నాన్న పాటలు నాకు ఒక్క ముక్కా గుర్తులేదు. నువ్వు విన్నదానివి, గుర్తున్నంత రాసి పంపు. రత్నవ్వ ఆగినప్పుడు నేను పాడాలి.

పిల్లలకు దీవెనలు.

తమ్ముడు జయరాజ్