గంట ఆపే మీట

ప్రియమైన చిట్టికి,

నీ ఉత్తరం మంగళవారం అందింది. రెండు పేజీల్లో ఒకటిన్నర పేజీ నా మోకాలి గురించే. ఆపరేషన్ చేయించుకోనని ఇదివరకు మూడుసార్లు రాశాను, ఇది నాలుగోసారి. ముప్పై నాలుగేళ్లు నర్సుగా, అందులో పదకొండేళ్లు హెడ్ నర్సుగా పనిచేసినదాన్ని. వార్డు అంటే ఏమిటో నాకు నువ్వు చెప్పనక్కర్లేదు.

మిగతా అర పేజీ బాగుంది. మీ ఆస్పత్రిలో సేవల నాణ్యత చూసే ఉద్యోగంలో చేరి వార్డు గోడకు స్క్రీను పెట్టించావు. రోగి గంట నొక్కాక నర్సు రావడానికి ఎన్ని నిమిషాలు పట్టిందో అందరికీ కనిపిస్తోందట. పదకొండు నిమిషాల సగటు రెండు నెలల్లో మూడుకు దిగిందట. అది చూపించి మిగతా వార్డులకూ స్క్రీన్లు అడుగుతావట. సంతోషం. ఒక్క ప్రశ్న. మోగుతున్న గంటను ఎవరు, ఎక్కడ నిలబడి ఆపుతున్నారు? చూసి రాయి. ఫోను చేయకు, ఫోనులో "అదేలే అమ్మమ్మా" అని దాటేస్తావు.

నీ బాగు కోరే,
అమ్మమ్మ

ప్రియమైన అమ్మమ్మకు,

నీ ప్రశ్న చదివి మొదట నవ్వుకున్నాను. తర్వాత ఒక పూటంతా వార్డులో కుర్చీ వేసుకుని కూర్చున్నాను. గంట మోగగానే నర్సు తన బల్ల దగ్గరున్న మీట నొక్కి ఆపేసి, వస్తున్నానని కేకేస్తోంది. గంట ఆగడంతోనే స్క్రీను లెక్క ముగుస్తోంది. మనిషి పడక దగ్గరికి చేరేసరికి, నా గడియారం ప్రకారం, పన్నెండు నిమిషాలు. ఏడో పడక పెద్దాయన నన్ను పిలిచి, "మీ గంట భేషుగ్గా పనిచేస్తోందమ్మాయీ. నొక్కగానే ఆగిపోతోంది" అన్నాడు.

సోమవారం డైరెక్టరుగారికి లెక్క చూపించాలి. నిజం చెబితే స్క్రీను పీకేయమంటారేమో. నా ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. చెప్పకపోతే ఎవరికీ తెలియదు. ఏం చేయమంటావు?

దిక్కుతోచని
నీ చిట్టి

చిట్టీ,

నీకు తోచకపోతే పూటంతా కుర్చీ వేసుకుని కూర్చునేదానివి కాదు. నర్సులను మాత్రం తిట్టకు. నలుగురి పని ఇద్దరు చేస్తుంటే, చెవిలో హోరుపెట్టే గంటను ఎవరైనా ఆపేస్తారు. ఏ వేళప్పుడు ఆలస్యం ఎక్కువవుతోందో ఆ స్క్రీనునే అడుగు.

అమ్మమ్మ

ప్రియమైన అమ్మమ్మకు,

రెండు నెలలు ఉత్తరం రాయనందుకు ఎన్ని తిట్లు తిట్టినా పడతాను.

బల్ల దగ్గరి మీట తీయించి, ప్రతి పడక తలాపున ఒకటి పెట్టించాను. మర్నాటికే స్క్రీను మీద ఎర్రగా పన్నెండు. సోమవారం ఆ పన్నెండే చూపించాను. డైరెక్టరుగారు, "ఈ ఎరుపు ఎన్నాళ్లు?" అన్నారు. తెలియదని, కానీ ఇదే నిజమని చెప్పాను. రెండు నెలలు గడువిచ్చారు. హెడ్ నర్సు వారం రోజులు నా ముఖం చూడలేదు.

తర్వాత నువ్వు చెప్పినట్టే ఆలస్యాలను వేళల వారీగా స్క్రీను మీద పెట్టాను. సగానికి పైగా ఆలస్యాలు మధ్యాహ్నం ఒంటిగంటకూ రెండున్నరకూ మధ్యే. హెడ్ నర్సే వచ్చి చూసి, "అప్పుడు షిఫ్టు మారుతుంది కదమ్మా, అందరం బల్ల చుట్టూనే ఉంటాం" అంది. మర్నాటినుంచి, వెళ్లే నర్సులు వచ్చే నర్సులకు పని అప్పగించడం పడక పడక దగ్గరికీ నడుస్తూ చేయిస్తోంది. ఆ ఆలోచన పూర్తిగా ఆవిడదే. ఇప్పుడు సగటు నాలుగు. నిజమైన నాలుగు. మంచం మీదనుంచి పడిపోయేవాళ్లు నెలకు ఐదుగురు ఉండేవాళ్లు. పోయిన నెల ఒక్కరే. అన్ని వార్డులకూ స్క్రీన్లు వస్తున్నాయి, నా ఉద్యోగమూ ఖాయమైంది.

ఇంట్లో కూర్చుని అంత సూటిగా ఎలా కనిపెట్టావు అమ్మమ్మా?

ఎంతో గర్వంగా,
నీ చిట్టి

ప్రియమైన చిట్టికి,

నేనేమీ కనిపెట్టలేదు. నాకు తెలుసు.

పదకొండేళ్ల నా వార్డు రిజిస్టరులో ఒక్క గంటకైనా ఆలస్యంగా వెళ్లినట్టు లేదు. తనిఖీకి వచ్చినవాళ్లు దాన్ని పక్క వార్డులకు చూపించేవారు. నా బల్ల దగ్గరా మీట ఉండేది. ఒక మధ్యాహ్నం మూడో పడక గంట ఆపి, చేతిలోని కాగితం పూర్తిచేసి వెళ్లాను. ఆవిడ నేల మీద ఉంది. తుంటి ఎముక విరిగింది. రిజిస్టరులో "రెండు నిమిషాలు" అని గుండ్రటి అక్షరాలతో రాశాను. ఈ సంగతి మీ అమ్మకు కూడా చెప్పలేదు. పడక మీద పడుకుని గంట నొక్కాల్సి వస్తుందనే ఇన్నాళ్లూ మోకాలి నొప్పి భరించాను.

నువ్వు ఎర్ర అంకెను నీ చేత్తో తీసుకెళ్లి పెద్దవాళ్ల ముందు పెట్టావు. నీ వయసులో గాని, ఆ తర్వాత గాని, అది నా వల్ల కాలేదు.

వచ్చే నెల మొదటి బుధవారం ఆపరేషన్‌కు నా పేరు రాయించు. మీ వార్డులోనే. అవసరం లేకుండా గంట నొక్కను. నొక్కినప్పుడు మాత్రం గడియారం చూస్తాను.

నీ వార్డుకు రాబోయే రోగి,
అమ్మమ్మ