నంబర్ ప్లేట్ మీద నా పేరు

1991 సెప్టెంబర్ 28, శనివారం

కెస్లర్ మళ్ళీ ఫోన్ చేశాడు. హైస్కూల్లో లెక్కలు చెప్తాడు. మిగిలిన టైమంతా పాత కామిక్స్‌లో ఏ బొమ్మ ఎవరు వేశారో తేల్చి లిస్టు రాస్తుంటాడు. ఆ రోజుల్లో పుస్తకంలో మా పేర్లు వేసేవారు కాదు కాబట్టి ఇలాంటివాళ్ళకి చేతినిండా పని.

అప్పట్లో టీవీలో వచ్చే ‘లెఫ్టినెంట్ హోల్కమ్’ సీరియల్‌ని కామిక్‌గా తెచ్చాం, 1959 నుంచి పదకొండు సంచికలు. అట్ట మీద నటుడి ఫోటో, లోపల బొమ్మలు. ప్రతి సంచికలోనూ ఏదో ఒక కారు నంబర్ ప్లేట్ మీద డబ్ల్యూటీ 27 అని కనిపెట్టాడట. వెండెల్ టాలివర్ అంటే మీరే, పుట్టింది 27లో, దొరికిపోయారు సార్ అని ఒకటే నవ్వు. బొమ్మలు నావేనని లిస్టులో ఎక్కించేశాడట. వచ్చే శనివారం స్క్రాంటన్‌లో హోటల్ హాల్లో కామిక్స్ షో ఉంది, మీరే ముఖ్య అతిథి అన్నాడు.

సరేనన్నాను.

ప్లేట్ నాదే. కారూ నాదే. కార్లు, వీధులు, ఫోన్ బూత్‌లు, మాటల బుడగల్లో అక్షరాలు నేను వేశాను. మనుషుల్ని వేసింది ఓపల్ ర్యూటర్. హోల్కమ్ ముఖం ఒక్కసారి కూడా నేను వేయలేదు. ఆ మాట కెస్లర్‌కి చెప్పలేదు.

సెప్టెంబర్ 29

చెప్పాల్సింది.

అక్టోబర్ 2, బుధవారం

అప్పట్లో క్వీన్స్‌లో ఒకే బిల్డింగు మాది, ఓపల్ వాళ్ళది మూడో అంతస్తు, నాది రెండు. ఆవిడ వంటగది టేబులే మా ఆఫీసు. గోడకి టీవీ వాళ్ళు పంపిన ఫోటోలు. ప్రతి ముఖాన్నీ ఆ నటుడి మనుషులు చూసి ఒప్పుకోవాలి. ముక్కు పొడుగైందని వెనక్కి పంపేవాళ్ళు. వేరేవాళ్ళయితే ఏడ్చేవాళ్ళు. ఓపల్ ఒక చేత్తో బంగాళాదుంపలు కలుపుతూ నాలుగు గీతల్లో ముక్కు మార్చేసేది.

చిన్నపిల్లతో ఆవిడ బయటికి కదల్లేకపోయేది కాబట్టి పేజీలు నేను మాన్‌హాటన్‌లో పబ్లిషర్ ఆఫీసుకి పట్టుకెళ్ళేవాణ్ణి. అక్కడ అందరూ నా భుజం తట్టేవాళ్ళు. నేను ఊరుకునేవాణ్ణి. అలవాటు అప్పుడే అయిందన్నమాట.

నంబర్ ప్లేట్ సంగతి ఆవిడ మొదటి నెలలోనే పట్టేసింది. ఏమోయ్, అప్పుడే పేరు చెక్కేసుకున్నావా అని పడీపడీ నవ్వింది. నీ పేరు కూడా ఏ షాపు బోర్డు మీదో రాయనా అని నేను అడగలేదు. బోర్డులు వేసేది నేనే.

అక్టోబర్ 5, శనివారం సాయంత్రం

ముప్పై పుస్తకాల మీద సంతకం పెట్టాను. ఒక్కొక్కదాన్నీ ప్లాస్టిక్ కవర్లోంచి పసిపిల్లని తీసినట్టు తీస్తారు. ఒకాయన తెల్ల అట్ట ఇచ్చి హోల్కమ్ ముఖం వేసిమ్మన్నాడు. చేతులు వణుకుతున్నాయని చెప్పి బ్యూక్ కారు వేసిచ్చాను. కారు గీత ఒక్కటీ వణకలేదు. ఎవరూ గమనించలేదు, చప్పట్లు కొట్టారు.

తర్వాత ముప్పై నాలుగైదేళ్ళ ఆవిడ వచ్చింది. కవరు లేదు, నాలుగో సంచికని మడతపెట్టి పర్సులో తెచ్చింది. పేరు చెప్పకముందే అచ్చం తల్లిలాంటి చుబుకం చూసి గుర్తుపట్టాను. ఓపల్ కూతురు మార్లీన్. అమ్మ అలెన్‌టౌన్‌లో నర్సింగ్ హోమ్‌లో ఉంది, పక్షవాతమొచ్చి కుడిచెయ్యి పడిపోయింది అంది. ఈ బొమ్మలు తనే వేశానని అమ్మ అందరికీ చెప్తుంటుంది సార్, మా నాన్న ఎగతాళి చేసేవాడు, నేనూ చేశాను, ఇప్పుడు నర్సులూ నవ్వుతున్నారు, మీరొక్కరే చెప్పగలరు, నిజమేనా అని అడిగింది.

నా వెనకాల కెస్లర్ నిలబడి ఉన్నాడు. ఎదురుగా లైను.

సిరాతో దిద్దాక మీ అమ్మ పెన్సిల్ గీతలు రబ్బరుతో చెరిపేది, చాలా శ్రద్ధగా చెరిపేది అన్నాను.

కెస్లర్ నోట్‌బుక్‌లో రాసుకున్నాడు.

అక్టోబర్ 6

చర్చికి పోలేదు. ఏ మొహం పెట్టుకుని పోను.

అక్టోబర్ 9, బుధవారం

మార్లీన్ ఫోన్. మీరన్నది అమ్మకి చెప్పాను అంది. ఓపల్, అవును, వెండెల్ చెప్పిందే నిజం, నేను చెరిపేదాన్నంతే అందట. మళ్ళీ ఆ ఊసెత్తలేదట. హమ్మయ్య, ఇన్నాళ్ళకి తేలింది, మీ పుణ్యమే అంది మార్లీన్.

నన్ను కాపాడింది ఓపల్. ఆ రోజు క్వీన్స్ వంటగదిలో నవ్వినావిడ ఇప్పుడు అబద్ధం ఆడింది, నా కోసం. సిగ్గుతో చచ్చిపోయాను. కాదు, చావలేదు, భోజనం కూడా చేశాను.

అక్టోబర్ 12, శనివారం

అలెన్‌టౌన్ వెళ్ళాను. ఓపల్ చక్రాల కుర్చీలో ఉంది, బాగా చిక్కిపోయింది. మార్లీన్ ఎదుటే చెప్పేశాను. ముఖాలన్నీ మీ అమ్మవి, మనుషులందరూ మీ అమ్మ వేసినవాళ్ళే, ఆ రోజు నేను అబద్ధం చెప్పాను అన్నాను.

ఓపల్ ఇప్పుడు గుర్తొచ్చిందా అంది.

లిఫ్ట్ దాకా వచ్చి మార్లీన్ కళ్ళు తుడుచుకుంది. అమ్మ సంతోషం కోసం ఇంత దూరం వచ్చి ఆ మాటన్నారు, ఎంత మంచివాళ్ళండీ మీరు అంది. నిజమమ్మా, ఒట్టు అన్నాను. నాకు తెలుసు లెండి అని నా చెయ్యి నొక్కింది. అమ్మే ఒప్పుకుంది కదా అంది.

ఇంటికొచ్చి కెస్లర్‌కి ఫోన్ చేశాను. మీ వినయానికి దణ్ణం సార్, కానీ ప్లేట్ అబద్ధం చెప్పదు కదా అన్నాడు. కార్లు మాత్రమే నావయ్యా అని అరిచాను. రెస్ట్ తీసుకోండి అన్నాడు.

అక్టోబర్ 15, మంగళవారం

మూడు రోజులుగా ఆ నటుడి ఫోటో ఎదురుగా పెట్టుకుని హోల్కమ్ ముఖం వేశాను. పన్నెండు వేశాను. ఒకడు పాలవాడిలా ఉన్నాడు, ఒకడు గుర్రంలా. ఒక్కడూ హోల్కమ్‌లా లేడు.

పన్నెండింటి కిందా పూర్తి పేరుతో సంతకం పెట్టాను. ఆరు మార్లీన్‌కి, ఆరు కెస్లర్‌కి పోస్ట్ చేసి వచ్చాను.