జాబితాలో బావ పేరు

అక్కా,

ఎదురుగా కూర్చుని చెప్పడానికి నోరు రాక రాస్తున్నాను. చివరిదాకా చదువు.

మా ఆసుపత్రిలో కిడ్నీ కోసం ఎదురుచూసేవాళ్ళ జాబితా కంప్యూటర్లో చూసుకునేది నేనేనని నీకు తెలుసు. పోయిన ఏడాది దానికి కొత్త డేటాబేస్ పెట్టాం. ఒకరి వివరాల్లో ఆరు నెలలపాటు ఏ మార్పూ లేకపోతే, ఆ పేరును దానంతట అదే జాబితాలోంచి పక్కన పెట్టేస్తుంది. అలా చెయ్యమని ఎవరూ అడగలేదు. తయారుచేసినవాళ్ళే ఆ సెట్టింగ్ వేసి పంపారు. నేను చూసుకోకుండా అలాగే వదిలేశాను.

బావ పోయాక, మొన్న జాబితా తెరిస్తే ఆయన పేరు కనిపించలేదు. అప్పుడు వెతికాను. ఆయన ఆరోగ్యం నిలకడగా ఉండటంతో అందులో కొత్తగా రాయాల్సిందేమీ లేకపోయింది. పేరు పక్కకు పోయింది. ఆ తర్వాత ఆయనకు సరిపడే కిడ్నీ ఒకటి వచ్చింది. జాబితాలో ఆయన వెనక ఉన్న మనిషికి వెళ్ళింది.

డయాలసిస్‌కి వచ్చినప్పుడల్లా బావ నా గదిలోకి తొంగిచూసి, "ఏమయ్యా, నా వంతు దగ్గరపడిందా?" అనేవారు. "లిస్టులోనే ఉన్నారు బావా, కంగారు పడకండి" అనేవాణ్ణి. ఆయన పేరు ఉందో లేదో ఒక్కసారి కూడా తెరిచి చూడలేదక్కా. ఆ తప్పు డేటాబేస్‌ది కాదు.

ఆయన పోయిన రోజు నువ్వు నా చెయ్యి పట్టుకుని, "నువ్వక్కడ ఉన్నావనే ధైర్యంతోనే ఇన్నాళ్ళు నెట్టుకొచ్చార్రా" అన్నావు. అప్పటినుంచి మీ గడప తొక్కలేకపోతున్నాను.

నిన్న పెద్ద డాక్టరుగారికి అంతా రాసిచ్చి, ఆ సెట్టింగ్ తీసేశాను. పక్కకు పోయిన పదకొండు పేర్లూ తిరిగి జాబితాలోకి వచ్చాయి. బావ పేరు కూడా వచ్చింది, నాలుగోది. దాన్ని తియ్యాల్సింది నేనే. ఇంకా తియ్యలేదు.

నీ తమ్ముడు